కామెడీ నుంచి హారర్‌కి జోర్డన్ పీల్ ఎలా వెళ్ళాడు, ఆ దారిలో నేర్చుకోదగ్గ పని ఏమిటి

ప్రశ్న: "టీవీలో వేషాలు వేసి నవ్వించిన జోర్డన్ పీల్ ఉన్నట్టుండి హారర్ డైరెక్టర్ ఎలా అయ్యాడు? కామెడీ స్కెచ్‌లు రాసేవాళ్ళు ఆ దారి పట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

"ఉన్నట్టుండి" అన్న మాటను ముందు పక్కన పెట్టాలి. పీల్ పుట్టింది 1979లో, న్యూయార్క్‌లో. కాలేజీలో రెండేళ్ళు చదివి మానేసి కామెడీలోకి వచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బూమ్ షికాగో, షికాగోలోని సెకండ్ సిటీ వేదికల మీద ఇంప్రోవ్ (అప్పటికప్పుడు అల్లి ఆడే కామెడీ), స్కెచ్‌లు (చిన్న హాస్య నాటికలు) చేశాడు. 2003లో 'మ్యాడ్ టీవీ' అనే టీవీ స్కెచ్ షోలో చేరి అయిదు సీజన్లు పనిచేశాడు. కీగన్-మైకేల్ కీతో కలిసి చేసిన 'కీ అండ్ పీల్' 2012 జనవరి నుంచి 2015 సెప్టెంబరు దాకా కామెడీ సెంట్రల్‌లో నడిచింది: అయిదు సీజన్లు, 53 ఎపిసోడ్లు. అతని మొదటి హారర్ సినిమా 'గెట్ అవుట్' ఆలోచన 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ అభ్యర్థిత్వం కోసం పోటీపడుతున్న రోజుల్లో మొదలైందని అతనే చెప్పాడు. అంటే 'కీ అండ్ పీల్' కంటే ముందే ఆ కథ అతని బుర్రలో ఉంది. 2018లో ఆస్కార్ అందుకుంటూ, ఈ సినిమా జరిగే పని కాదనుకుని దాదాపు ఇరవైసార్లు రాయడం ఆపేశానన్నాడు.

కామెడీలో అవకాశాలు తగ్గి ఇటు తిరిగాడన్నది కూడా నిజం కాదు. ఇద్దరూ నటించిన కామెడీ సినిమా 'కియాను' 2016 ఏప్రిల్‌లో థియేటర్లకు వచ్చింది. 'గెట్ అవుట్' షూటింగ్ అంతకు ముందే, ఆ ఏడాది మొదట్లోనే, అలబామాలో మొదలైపోయింది. ఒక పని వదిలి ఇంకో పని ఎత్తుకున్నట్టు బయటికి కనిపిస్తుంది గానీ, లోపల నడిచింది ఒకే పని. అది ఏ పనో అర్థమైతే రెండో ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే.

స్కెచ్ రాసేవాళ్ళు దాన్ని "గేమ్" అంటారు. మామూలుగా కనిపించే ఒక పరిస్థితి, అందులో మామూలు కాని ఒకే ఒక్క సంగతి. ఆ ఒక్కదాన్నే పట్టుకుని మెట్టు మెట్టుగా పెంచుతూ పోవాలి. కొత్త వింతలు చేర్చకూడదు, ఉన్న వింతనే ముదరబెట్టాలి. 'కీ అండ్ పీల్'లో బాగా పేరొచ్చిన ఒబామా స్కెచ్‌లు తీసుకోండి. పీల్ ఒబామాగా మర్యాదగా, ఆచితూచి మాట్లాడతాడు. పక్కన కీ పోషించిన లూథర్ ఆ మాటల వెనక ఉన్న కోపాన్ని గట్టిగా అరిచి చెబుతాడు. గేమ్ అంతా పైకి అన్న మాటకీ మనసులో మాటకీ మధ్య ఉన్న దూరమే.

ఇప్పుడు 'గెట్ అవుట్' చూడండి. నల్లజాతి యువకుడు క్రిస్ తన తెల్లజాతి ప్రియురాలి ఇంటికి వెళ్తాడు. వీలుంటే ఒబామాకు మూడోసారి కూడా ఓటేసేవాణ్ణని ఆమె తండ్రి అంటాడు. మాట తియ్యగా ఉంది, మనసులో ఉన్నది వేరు. అదే గేమ్. తేడా ఒక్కటే: అక్కడ లూథర్ ఉన్నాడు కాబట్టి లోపలి మాట బయటపడి మనం నవ్వి తేలికపడ్డాం. ఇక్కడ లూథర్ లేడు. లోపలి మాట లోపలే ఉండిపోయింది, ఆ బరువు మన మీద పడింది. పీల్ పనితనమంతా ఈ తీసివేతలో ఉందని నా గట్టి అభిప్రాయం.

తోటలో జరిగే పార్టీ సన్నివేశాన్ని కాగితం మీద విడదీస్తే అది అచ్చంగా స్కెచ్. వచ్చిన అతిథి ఒకాయన గోల్ఫ్ మాట ఎత్తి టైగర్ వుడ్స్ తెలుసంటాడు. ఒకావిడ క్రిస్ చెయ్యి పట్టుకుని కండ నొక్కి చూస్తుంది. ఇంకొకాయన ఇప్పుడు నలుపే ఫ్యాషన్ అంటాడు. మాటతో మొదలై, ఒంటి మీద చెయ్యి పడేదాకా వచ్చి, మనిషిని వస్తువుగా చూసేదాకా పోయింది. ఒక్కో ముక్కా క్షణాల్లో అయిపోతుంది, ఏదీ రెండోసారి రాదు. కాసేపటికి అదే తోటలో బింగో ఆట ముసుగులో క్రిస్ ఒంటి కోసం చప్పుడు లేని వేలం జరుగుతుంది. అప్పటిదాకా మొహమాటానికి నవ్విన ప్రేక్షకుడికి, తను విన్నవన్నీ సరుకును తడిమి చూసుకునే బేరగాళ్ళ మాటలని తెలిసొస్తుంది. మూడు మెట్లు, ఆపైన మలుపు. స్కెచ్ రైటరుకి ఇది చేతికి అలవాటైన లెక్క.

ఇంకో ఉదాహరణ రాత్రిపూట తోటమాలి పరుగు. చీకట్లో ఒక మనిషి క్రిస్ మీదికి సూటిగా, పూర్తి వేగంతో పరుగెత్తుకొచ్చి చివర్లో పక్కకు తిరిగిపోతాడు. కాగితం మీద చదివితే నవ్వొచ్చే సంగతి, థియేటర్లో వణికిస్తుంది. దానికి కారణం అంతకు ముందే మాటల్లో పడేశాడు: ఆ ఇంటి తాతగారు 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అర్హత పోటీలో నల్లజాతి పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ చేతిలో ఓడిపోయాడని. తోటమాలి ఒంట్లో ఉన్నది ఆ తాతగారి మెదడేనని తెలిశాక ఆ పరుగు అర్థమవుతుంది. కామెడీలో వింత ప్రవర్తనకు కారణం లేకపోయినా నవ్వు వస్తే చాలు. హారర్‌లో కారణం ఆలస్యంగా రావచ్చు, రాకుండా పోకూడదు. కామెడీ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వింత దృశ్యాలు బాగా పుట్టిస్తారు, వాటికి మూలం రాసుకోరు. రెండో సగానికి వచ్చేసరికి కథ చేతిలోంచి జారిపోతుంది.

కాబట్టి స్క్రిప్టుతో పాటు ఒక పద్దు పెట్టుకోవాలి. ఎడమవైపు నాటిన వస్తువు లేదా మాట, పక్కన అది మొదట వచ్చే పేజీ, కుడివైపు అది పండే పేజీ. 'గెట్ అవుట్'కి ఇలా రాస్తే పద్దు చాలా పొడుగవుతుంది. దారిలో కారు గుద్దిన జింక, చివర్లో ఆయుధమయ్యే జింక తల. కారు గుద్దిన తల్లి దగ్గరికి చిన్నప్పుడు వెళ్ళలేకపోయిన క్రిస్, పారిపోతూ కూడా తను గుద్దిన మనిషిని వదలలేని క్రిస్. హిప్నటైజ్ చేసిన టీ కప్పు చప్పుడు, ఆ చప్పుడు వినపడకుండా కుర్చీలోంచి పీకి చెవుల్లో పెట్టుకున్న దూది. ఫోన్ కెమెరా ఫ్లాష్ అయితే రెండుసార్లు పనికొస్తుంది. కుడివైపు ఖాళీగా ఉన్న గడులు మూడు నాలుగు దాటితే తిరగరాయక తప్పదు. ఎడమవైపు లేకుండా కుడివైపు మాత్రమే ఉన్నది ఒక్కటి ఉన్నా, ప్రేక్షకుడు మోసపోయాననుకుంటాడు.

ఇక నవ్వు సంగతి. హారర్‌లో నవ్వు ఉండకూడదని కాదు, అది ఎక్కడ కూర్చోవాలన్నదే ప్రశ్న. పీల్ నవ్వునంతా రాడ్ అనే స్నేహితుడి చేతికిచ్చాడు. ఆ పాత్ర వేసిన లిల్ రెల్ హౌరీ స్వయంగా కమెడియన్. రాడ్ విమానాశ్రయ భద్రతా ఉద్యోగి. సినిమా దాదాపు అంతా ఆ ఇంటికి దూరంగా, ఫోన్లోనే ఉంటాడు. ఈ ఏర్పాటుకి రెండు లాభాలున్నాయి. ఇంట్లో ఉన్నవాళ్ళెవరూ జోకులు వెయ్యరు కాబట్టి అక్కడి భయం పలచబడదు. ఎడిటింగ్ టేబుల్ మీద రాడ్ సన్నివేశాలను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, ప్రేక్షకుడికి ఊపిరి ఎక్కడ కావాలంటే అక్కడ ఇవ్వొచ్చు. తక్కువ రోజుల్లో తీసే సినిమాకు ఈ వెసులుబాటు బంగారం.

ఆ రాడ్‌తోనే పీల్ ఇంకో పని చేశాడు. రాడ్ పోలీస్ స్టేషనుకు వెళ్ళి స్నేహితుడి గురించి చెబితే, విన్న డిటెక్టివ్ మరో ఇద్దరిని పిలిచి మళ్ళీ చెప్పమంటుంది. విని ముగ్గురూ పగలబడి నవ్వుతారు. మనమూ నవ్వుతాం. నవ్వు ఆగేలోపే, ఇక క్రిస్‌ను కాపాడటానికి ఎవరూ రారని అర్థమవుతుంది. నవ్వుతోనే తలుపు మూసేసిన ఇలాంటి సన్నివేశం ఏళ్ళ తరబడి స్కెచ్‌లు రాసిన చెయ్యికే సాధ్యం.

టైమింగ్ విషయంలో కామెడీ అలవాటును మార్చుకోవాలి. స్కెచ్‌లో ముఖం మీద షాట్ నవ్వు మొదలవగానే కట్ అవుతుంది. హారర్‌లో అదే ముఖాన్ని పట్టుకుని ఉండాలి. పనిమనిషి జార్జీనా నవ్వుతూ "నో, నో" అని పదే పదే అంటుంటే కంటి నుంచి నీరు కారే షాట్ చూడండి. కెమెరా ఆమె ముఖం మీదే ఉంటుంది. మొదటి క్షణం విచిత్రం, తర్వాత నవ్వు, ఇంకా కట్ కాకపోయేసరికి కంగారు. సాధన చెయ్యాలంటే ఇది మంచి పాఠం: మీరు రాసిన స్కెచ్‌లో నవ్వొచ్చే చోటు తర్వాత రెండు నుంచి నాలుగు సెకన్లు ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఉంచి తీయండి. నటులు ఆ మౌనాన్ని నింపాలని చూస్తారు, కళ్ళెగరేస్తారు, పెదవి విరుస్తారు. ఆపించాలి. తను తమాషా చేస్తున్నానని నటుడికి తెలిసినట్టు కనిపించిన క్షణం భయం పోతుంది.

అనుకోని చోట నవ్వు వచ్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ మూడింటిలో ఒకటి. భయపెట్టే రూపాన్ని వెలుతురులో ఎక్కువసేపు చూపించి ఉంటారు: ఆ షాట్‌ను సగానికి కోసి, చూస్తున్న మనిషి ముఖానికి వెళ్ళండి. లేదా విలన్ తన పథకాన్ని నోటితో వివరించి ఉంటాడు: ఆ మాటల్లో కనీసం సగం తీసేసి, పని చేస్తూ చూపించండి. మూడోది అన్నిటికంటే మామూలుది. అంతకు ముందు ప్రేక్షకుడికి ఊపిరి తీసుకునే చోటు ఇవ్వలేదు, అందుకే వాళ్ళే తప్పుడు చోట నవ్వి తేలికపడ్డారు. అలాంటప్పుడు నవ్వొచ్చిన సన్నివేశాన్ని ముట్టుకోవద్దు. దానికి అయిదారు నిమిషాల ముందు ఒక న్యాయమైన నవ్వు పెట్టండి.

స్కెచ్‌ను సినిమాగా సాగదీసేటప్పుడు మరో గండం ఉంది. నాలుగు పేజీల గేమ్ ముప్పయ్యో పేజీకి అయిపోతుంది. ప్రేక్షకుడికి ఆట అర్థమైపోయాక ఎంత పెంచినా ఒకటే. దీనికి పీల్ చేసినది ప్రశ్నను మార్చడం. మొదట "వీళ్ళు ఎందుకింత వింతగా ఉన్నారు?" తర్వాత "నన్నేం చెయ్యబోతున్నారు?" చివర్లో "ఎలా బయటపడాలి?" గేమ్ అదే, దాని వెనక ప్రశ్న రెండుసార్లు మారింది.

దీనికే జాక్ క్రెగర్ ఇంకో విరుగుడు కనుక్కున్నాడు. 'ది వైటెస్ట్ కిడ్స్ యు నో' అనే స్కెచ్ బృందం నుంచి వచ్చిన క్రెగర్ 2022లో 'బార్బేరియన్' తీశాడు. ఒక ఆడమనిషికి మగవాడి ప్రవర్తనలో కనిపించే చిన్న చిన్న ప్రమాద సూచనలు వీలైనన్ని ఒకే సన్నివేశంలో పెట్టి చూద్దామన్న రాత సాధనగా ఆ కథ మొదలైంది. గేమ్ అయిపోయే సరిగ్గా ఆ చోట, భయం తారస్థాయిలో ఉండగా, సినిమా ఠక్కున ఆగి ఎండలో కారు నడుపుతూ పాడుకుంటున్న వేరే మనిషి దగ్గరికి వెళ్తుంది. స్కెచ్ షోలో ఒక స్కెచ్ నుంచి ఇంకోదానికి దూకినట్టే. 2025లో వచ్చిన 'వెపన్స్'లో ఒకే రాత్రి 2:17కి మాయమైన 17 మంది పిల్లల కథను మనిషి మనిషికీ ఒక అధ్యాయంగా చెప్పింది కూడా ఆ పనితనమే. ఇది చూసినంత తేలిక కాదు. దూకిన ప్రతిసారీ ప్రేక్షకుణ్ణి మళ్ళీ మొదటి నుంచి గెలుచుకోవాలి. మొదటి సినిమాకు పీల్ పద్ధతే మేలంటాను.

డబ్బు లెక్కకు వద్దాం, ఎందుకంటే తలుపు తెరుచుకున్నది ఈ లెక్క వల్లే. 'గెట్ అవుట్' బడ్జెట్ 45 లక్షల డాలర్లు, షూటింగ్ 23 రోజులు, నిడివి 104 నిమిషాలు. అంటే రోజుకు తెర మీద నాలుగున్నర నిమిషాలు రాబట్టాలి. ఎక్కువ కథ ఒకే ఇల్లు, దాని తోట, నేలమాళిగలో జరగడానికి ఇదొక కారణం. హిప్నటైజ్ అయిన క్రిస్ చీకట్లోకి మునిగిపోయే చోటు దృశ్యాలను కూడా నటుణ్ణి తీగలతో వేలాడదీసి నల్లటి నేపథ్యంలో తీశారు. నిర్మాణ సంస్థల్లో ఒకటైన బ్లమ్‌హౌస్ పద్ధతి ఇది: బడ్జెట్ తక్కువ, ముందు పారితోషికం తక్కువ, ఆడితే వాటా, బదులుగా డైరెక్టర్ చేతికి స్వేచ్ఛ. కామెడీ సినిమాకు పేరున్న తారలు కావాలి, హారర్‌కు ఆలోచనే తార. కొత్త డైరెక్టరుకి అంత స్వేచ్ఛ దొరికే చోటు ఇదొక్కటేనని నేననుకుంటాను.

ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల డాలర్లు దాటింది. అంతకంటే ముఖ్యమైన అంకె ఇంకోటి. అమెరికాలో మొదటి వారాంతం 3.3 కోట్ల డాలర్లు వస్తే, రెండో వారాంతం పదిహేను శాతం మాత్రమే తగ్గింది. హారర్ సినిమాలు రెండో వారానికి సగమో అంతకు మించో పడిపోవడం మామూలు. 2019లో పీల్ రెండో సినిమా 'అస్' 7.1 కోట్లతో మొదలై రెండో వారానికి సగానికి పైగా పడింది. మొదటి సినిమాను జనం ఇంకొకరిని తీసుకెళ్ళి, వాళ్ళ ముఖాలు చూడటానికి మళ్ళీ చూశారు. పద్దు గట్టిగా ఉన్న సినిమాకే రెండో చూపు దక్కుతుంది.

'అస్'లో ఏం తప్పిందో కూడా చెప్పాలి. బడ్జెట్ 2 కోట్లు, వసూళ్ళు మళ్ళీ 25 కోట్లు దాటాయి, లుపిటా న్యోంగో నటన అసాధారణం. అచ్చం ఆ కుటుంబంలాగే ఉన్న మనుషులు వాకిట్లో చేతులు పట్టుకుని నిలబడటం దాకా భయం నిండుగా ఉంది. చివర్లో ఆ నకలు మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో నోటితో వివరించేసరికి, అప్పటిదాకా రాని ప్రశ్నలు పుట్టాయి: అంతమందికి తిండెలా, బట్టలెవరిచ్చారు? పోలికగా నిలబడాల్సిన దాన్ని వ్యవస్థగా వివరిస్తే లెక్కలు అడుగుతారు. రాసేటప్పుడు ఇది ముందే తేల్చుకోవాలి: మీ భయానికి నియమాలుంటాయా, లేక అది ఒక బొమ్మేనా. రెండూ కలిపితే పగులు కనిపిస్తుంది.

2022లో వచ్చిన 'నోప్' బడ్జెట్ 6.8 కోట్లు, వసూళ్ళు 17 కోట్ల పైచిలుకు. ఛాయాగ్రాహకుడు హోయ్టె వాన్ హోయ్టెమా. రాత్రి దృశ్యాలను పగటిపూటే తీశారు: ఒకే చట్రంలో ఒక 65 ఎంఎం ఫిల్మ్ కెమెరా, ఒక ఇన్‌ఫ్రారెడ్ డిజిటల్ కెమెరా జతగా బిగించి, రెండిటి బొమ్మలూ కలిపారు. ఇన్‌ఫ్రారెడ్‌లో నీలాకాశం నల్లగా పడుతుంది కాబట్టి, కొండలు లోయలు అంత దూరం కనిపిస్తూనే రాత్రిలా ఉంటుంది. కానీ ఈ ప్రశ్నకు అందులో పనికొచ్చేది వేరే సన్నివేశం. చిన్నప్పుడు ఒక కామెడీ సీరియల్ సెట్లో చింపాంజీ మనుషుల మీద పడ్డ ఘోరాన్ని కళ్ళారా చూసిన జూప్‌ను, ఆ రోజు ఏం జరిగిందని అడుగుతారు. అతను జరిగింది చెప్పడు. దాని మీద టీవీలో వేసిన కామెడీ స్కెచ్‌ను వర్ణిస్తాడు, ఆ కమెడియన్ ఎంత బాగా చేశాడో నవ్వుతూ చెబుతాడు. భయం మీద కామెడీని మూతగా పెట్టుకున్న మనిషి అతను. పీల్ తీసిన మూడు సినిమాల్లో నాకు అన్నిటికంటే లోతుగా తాకేది ఈ రెండు నిమిషాలు.

మొదలుపెట్టే చోటు అడిగారు కాబట్టి: ముందు మీరు రాసిన స్కెచ్‌ల్లో, నవ్వాక మనసులో చేదు మిగిలినదాన్ని ఒక్కటి ఏరండి. నాలుగు పేజీల్లో, చివరి పంచ్ తీసేసి తిరగరాయండి. పేజీకి నిమిషం లెక్కన నాలుగు నిమిషాల పొట్టి సినిమా అవుతుంది. ఒకే గది, ముగ్గురు నటులు, రెండు రోజులు చాలు. సంగీతం పెట్టకుండానే మీకు పరిచయం లేని పదిమందికి చూపించండి. తెరను కాదు, వాళ్ళను చూడండి. ఎవరు ఏ నిమిషంలో నవ్వారో, ఎవరు కాలు కదిపారో, ఎవరు ఫోన్ తీశారో సమయంతో సహా రాసుకోండి. అది పని చేస్తేనే తొంభై పేజీల స్క్రిప్టుకు వెళ్ళండి. అక్కడికి వెళ్ళాక బడ్జెట్‌లో రెండు మూడు రోజుల రీషూట్‌కు డబ్బు విడిగా కట్టి పెట్టండి, ఎంత ఒత్తిడి వచ్చినా దాన్ని ముట్టుకోకండి.

ఎందుకంటే 'గెట్ అవుట్' మొదట ఇప్పుడున్నట్టు ముగియలేదు. పోలీసులు వచ్చి క్రిస్‌నే అరెస్టు చేస్తారు, రాడ్ జైల్లో అతన్ని కలవడానికి వెళ్తాడు. అలాగే తీసి, ప్రివ్యూలో చూపించారు. అప్పటిదాకా కేకలు వేసిన జనం ఆ ముగింపుతో చల్లబడిపోయారు. కొత్తగా తీసినదానిలో కూడా చీకటి రోడ్డు మీద ఎర్ర, నీలం దీపాలు పడతాయి, క్రిస్ చేతులు పైకెత్తుతాడు, థియేటర్ మొత్తం పాత ముగింపునే ఊహించుకుంటుంది. అప్పుడు కారు తలుపు మీద "ఎయిర్‌పోర్ట్" అన్న అక్షరాలు కనిపిస్తాయి, రాడ్ దిగుతాడు. జైలు ముగింపు చెప్పాలనుకున్న భయం ఆ కొన్ని సెకన్లలో చెప్పేశాడు, ఆ తర్వాతే నవ్వనిచ్చాడు.